హౌజులోకి పడే నీళ్ళు

మా ఇంట్లో నీళ్ళు పారుతున్న చప్పుడు వినపడిందంటే ఎవరో తప్పు చేశారని అర్థం. బకెట్టు నిండి పొర్లుతోందనో, వంటింట్లో నల్లా సరిగా కట్టలేదనో, ట్యాంకు నిండినా మోటరు ఆపలేదనో. పెళ్ళయిన కొత్తలో నేను గడ్డం గీసుకుంటూ నల్లా వదిలేసి ఏ పాటో ఎత్తుకుంటే, మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నా మొహం వంక కూడా చూడకుండా నల్లా కట్టేసి వెళ్ళిపోయేది. సబ్బు నురగ మొహంతో నేను అలాగే నిలబడిపోయేవాణ్ణి.

"మీ దిక్కు కాల్వలుంటయేమో సారూ. గీడ నల్లాలే ఉన్నయి" అనేది వెళ్తూ వెళ్తూ.

నిజానికి నేను పుట్టిందీ పెరిగిందీ నాంపల్లిలోనే. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా నాన్న ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి, స్టేషనుకు కాస్త దూరంలో ఈ సందులో ఇల్లు కొనుక్కున్నాడు. కాలవ అనేది నేను చూసింది వేసవి సెలవుల్లో మాత్రమే. అయినా ఆవిడ లెక్కలో నేను ఇప్పటికీ కాలవ గట్టు మనిషినే. సారూ అనడం మాత్రం వెటకారం కాదు. ఆబిడ్స్‌లో ఒక స్కూల్లో సైన్సు మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఏ మాట మొదలుపెట్టినా పాఠంలా సాగదీస్తానని ఆవిడ ఫిర్యాదు. అది నిజమే.

ఆవిడది గౌలిగూడ. బస్టాండు వెనక సందులో నాలుగైదు పోర్షన్ల ఇల్లు, అందరికీ కలిపి వాకిట్లో ఒకటే నల్లా. నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ తెల్లవారుజామున, వదిలేవాళ్ళ ఇష్టం వచ్చిన వేళకి. నల్లా ముందు ఊపిరి తీస్తుంది, ఆ తర్వాతే నీళ్ళిస్తుంది. పైపులోంచి సుయ్‌మని గాలి వచ్చినప్పుడు ఎవరు ముందు బిందె పెడితే వాళ్ళదే మొదటి వంతు. ఆ గాలి చప్పుడు కనిపెట్టే పని చిన్నప్పుడు మా ఆవిడకు అప్పగించారు. పిల్ల నిద్రపోయినా దాని చెవి నిద్రపోదని వాళ్ళమ్మ ధైర్యం.

అదే చెవితో తర్వాత లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ బోర్డు దగ్గర ఉద్యోగం చేసింది. రిటైరయ్యేదాకా అదే కుర్చీ, తలకు అదే హెడ్‌సెట్టు. నేను స్టాఫ్ రూము నుంచి ఫోను చేస్తే, హలో అనకముందే "చాయ్ తాగిన్రా?" అని అడిగేది. ఎలా కనిపెట్టావంటే, "పాఠం మొదలువెట్టెటట్టు గాలి పీలుస్తరు గద, ఇంకెవరు పీలుస్తరు గట్లా?" అని నవ్వేది.

ఇద్దరం రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళింది. బాత్రూములో నల్లా తిప్పి చూసింది. తిరిగి వచ్చి కూర్చుంది.

"నీళ్ళొచ్చే రోజు కాదుగా ఇవాళ" అన్నాను.

"గాలి వస్తున్నట్టు సప్పుడైతున్నది."

"నాకేం వినపడ్డం లేదే."

"మీకెప్పుడు వినపడ్డది?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూసింది. మర్నాడు కూడా. ఆ గాలి చప్పుడు నల్లాలో లేదని, తన చెవిలోనే ఉందని అర్థం కావడానికి ఆవిడకు కొన్ని రోజులు పట్టింది. నమ్మడానికి ఇంకొన్ని రోజులు. ఇప్పుడో ఇంకాసేపటికో నీళ్ళు రాబోతున్నట్టు చెవి పిలుస్తూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. నిద్ర పోయింది. అన్నం మీద ధ్యాస పోయింది. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో తల పక్కకు తిప్పి ఆలకించేది. మనిషి ఎదురుగానే ఉన్నా ఎక్కడో కాపలా కాస్తున్నట్టుండేది.

ఆబిడ్స్‌లో చెవి డాక్టరుకు చూపించాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఏవో తగిలించి, పరీక్ష చేశారు. ఎడమ చెవి చాలావరకు పోయిందట. కుడిది కూడా నెమ్మదిగా పోతోందట. హోరుకు మందు ఉందా అని అడిగితే డాక్టరు నీళ్ళు నమిలాడు. పక్కన ఏదైనా సన్నటి చప్పుడు ఆగకుండా ఉంటే మనసు అటు పోతుందని, హోరు వెనక్కి తగ్గుతుందని చెప్పి, వినికిడి మెషిన్ రాసిచ్చాడు. ఆ మెషిన్ పెట్టుకుంటే కుక్కరు కూత, సందులో స్కూటర్లు, పక్కింటి మిక్సీ అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి, హోరు మాత్రం చోటు వదల్లేదు. దాన్ని డబ్బాలో పెట్టి గూట్లో పెట్టేసింది. నేను ఫోనులో వాన చప్పుడు వెతికి పెట్టిచ్చాను. కాసేపు విని, "గిది వాన కాదు. ఎవరో అటుకులు వేయిస్తున్నరు" అంది.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం పబ్లిక్ గార్డెన్‌కు నడకకు వెళ్ళాం. ఫౌంటెను పక్కన బెంచీ మీద కూర్చున్నాం. నేను వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాను. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు లేదు" అంది.

"ఏది?"

"గాలి సప్పుడు. బంద్ అయింది."

గేటు మూసేవాడు వచ్చి ఈల వేసేదాకా అక్కడే కూర్చున్నాం. ఇంటికి నడిచి వస్తుంటే నాకొక్కటే ఆలోచన. పెరట్లో జలపాతం కట్టాలి. ఆవిడ కుడి చెవి పూర్తిగా పోయేలోపు ఆ చెవికి కాస్త విశ్రాంతి దొరకాలి. అంతకు మించి నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మా పెరట్లో హౌజు ఉంది. హౌజంటే సిమెంటు తొట్టి, నడుమెత్తు ఉంటుంది. పాత ఇళ్ళలో నీళ్ళు నిలవ చేసుకోవడానికి కట్టించేవారు. భూమిలో సంపు తవ్వించాక దానితో అవసరం తీరిపోయింది. విరిగిన కుర్చీలు, ఎండిన కొబ్బరి మట్టలు అందులోనే పడేసేవాళ్ళం. దాన్ని ఖాళీ చేయించి, మేస్త్రీని పిలిచి పగుళ్ళు పూడ్పించాను. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది కాబట్టి నింపడం, తోడి పారబోయడం, మళ్ళీ నింపడం. పారబోసిన ప్రతిసారీ మా ఆవిడ బకెట్లతో నిలబడేది. ఆ నీళ్ళతోనే వాకిలి కడిగింది, మెట్లు కడిగింది, చివరికి పక్కవాళ్ళ గోడ కూడా కడిగింది.

సందు మొదట్లో పాత ప్రహరీ పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. అక్కడి గ్రానైటు రాళ్ళు అడిగి తెచ్చుకుని, హౌజు వెనక గోడ మీద మెట్లు మెట్లుగా పేర్చాను. పైన నీళ్ళు దూకడానికి వెడల్పాటి బండ ఒకటి కావాలి. వంటింటి గట్టు మార్పించినప్పుడు తీసేసిన షాబాద్ బండ పెరట్లోనే ఉంది. దాని మీదే ఆవిడ చపాతీలు ఒత్తింది, కూరలు తరిగింది. ఒక పక్క అరిగి నున్నగా ఉంది. దాన్ని పైన పెట్టించాను. "నా గట్టు మీదికెల్లి నీళ్ళు దుంకుతయా?" అని మురిసిపోయింది.

మురిపెం మొదటి రోజే తీరింది. చిన్న మోటరు హౌజు అడుగున పెట్టి, పైపు వెనకగా పైకి ఎక్కించి స్విచ్చి వేశాను. నీళ్ళు బండ అంచు దాకా వచ్చాయి. అక్కడ దూకడం మానేసి, బండ అడుగునే పట్టుకుని వెనక్కి పారి, గోడ వెంట జారిపోయాయి. చాయ్ సాసర్లోకి వంపితే కప్పు అడుగున కారి బల్ల తడిసినట్టు. ప్రవాహానికి బలం చాలకపోతే జరిగేది అదే. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని కనక, తప్పు నాది కాదు మోటరుదేనని వెళ్ళి పెద్దది తెచ్చాను. ఈసారి నీళ్ళు హౌజును దాటి, దండెం మీద ఆరేసిన దుప్పటిని తడిపి, తులసి కోటకు అభిషేకం చేశాయి.

మా ఆవిడ దుప్పటి పిండుతూ, "సారూ, మీ పాఠం మస్తుగున్నది" అంది.

చివరికి పైపును రెండుగా చీల్చాను. ఒక పాయ పైకి, ఒక పాయ తిరిగి హౌజులోకే. పైకి వెళ్ళే పాయకు ఒక వాల్వు పెట్టాను. దాని పిడి ఎంత తిప్పితే అన్ని నీళ్ళు బండ మీదికి, మిగతావి కిందనుంచే వెనక్కి. బండ అంచు కింద సన్నగా గాడి కొట్టించాను, నీళ్ళు వెనక్కి పాకకుండా. దోమలు రాకుండా చిన్న చిన్న చేపలు వదిలాను. ఇంత చేసినా వాల్వు పూర్తిగా కట్టాక కూడా బండ వెనక, కంటికి కనపడని చోట, చుక్క చుక్క కారేది. నాకది తెలియదు. వరండాలో పడుకున్న మా ఆవిడ చెప్పింది.

"ఎన్కాల చుక్క పడుతున్నది."

చెవి ఆనించి వింటే నిజమే. ఒక చెవి పోయి, రెండోది పోతూ, హోరు మధ్యలో కూడా నీటి చుక్క పడితే ఆవిడకు తెలిసింది. వాల్వు విప్పి, టేపు చుట్టి, మళ్ళీ బిగించేదాకా ఆవిడ పడుకోలేదు.

ఆ తర్వాత చప్పుడు కుదర్చడం. వెనక వరండాలో నవారు మంచం వేసి ఆవిడను పడుకోబెట్టాను. నేను వాల్వు దగ్గర. ఆవిడ కళ్ళు మూసుకుని చూపుడు వేలు పైకెత్తితే ఇంకా తెరవాలి, కిందికి దించితే తగ్గించాలి. తక్కువైతే టపటపమని చినుకులు, అవి మనసును గిల్లుతాయి. ఎక్కువైతే రోడ్డు చప్పుడులా రొద. ఆ రెంటికీ నడుమ ఎక్కడో బండ మీది నుంచి నీళ్ళు పలచటి గుడ్డలా జారి, చప్పుడు మెత్తబడే చోటు ఒకటి ఉంటుంది. వేలు పైకి, కిందికి, మళ్ళీ కొంచెం పైకి.

"జర... ఇంక జర... ఆగున్రి."

ఆగాను. ఆవిడ నుదురు మెల్లగా విప్పారింది. వేలు దుప్పటి మీద వాలిపోయింది. కాసేపటికి గురక వినిపించింది. నెలల తర్వాత పట్టపగలు మా ఆవిడ నిద్రపోయింది. నేను వాల్వు దగ్గరే తడి నేల మీద చతికిలబడి ఏడ్చాను. తర్వాత లోపలికి వెళ్ళి గోళ్ళరంగు సీసా తెచ్చి, పిడి ఎక్కడ ఆగిందో అక్కడ ఎర్రగీత పెట్టాను.

అంతటితో అయిపోతే ఎంత బాగుండేది!

మర్నాడు కూరగాయలు తెచ్చేసరికి జలపాతం ఆగి ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, తప్పు చేసిన పిల్లలా.

"నువ్వే కట్టావా?"

"నల్లా ఇడిచిపెట్టినట్టే అనిపిస్తది. పండుకున్నా కాళ్ళు వాటికవే లేస్తయి."

"అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నాయోయ్. ఒక్క చుక్క బయటికి పోదు" అని పాఠం మొదలుపెట్టాను. నేల మీద సుద్దముక్కతో హౌజు గీసి, బాణం గుర్తులు కూడా వేశాను.

అంతా విని, "ఔ, నాకు తెల్సు. గని నా చెవులకు తెల్వదు గద" అంది.

ఇదీ మా సంసారం. హోరు తగ్గాలంటే నీళ్ళు పారాలి. నీళ్ళు పారితే ఆవిడ లేచి కట్టేస్తుంది. కట్టేస్తే హోరు వస్తుంది. నేను ఎర్రగీత దాకా తిప్పి ఇలా లోపలికి వచ్చేసరికి అటు నుంచి ఆవిడ వెళ్ళి ఆపేసేది. కొన్నిసార్లు కోపం ఆగక గట్టిగా అరిచాను కూడా. వేసవిలో నల్లా నీళ్ళు మరీ పలచబడి సందులోకి ట్యాంకరు వచ్చినప్పుడు, మేడ మీద అద్దెకుండే ఆవిడ బిందె ఎత్తుకుంటూ "మీకేంటి సార్, ఇంట్లోనే జలపాతం" అని నవ్వింది. తమాషాకే అంది. మా ఆవిడకు మాత్రం తలకొట్టేసినట్టయింది. ఆ ఎండలు తగ్గేదాకా స్విచ్చి వేయనివ్వలేదు. హోరుతోనే గడిపింది. మొహం పీక్కుపోయింది.

వానలు పడ్డాక మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఒక మార్పు గమనించాను. నేను బయటికి వెళ్ళి వచ్చినా నీళ్ళు పారుతూనే ఉంటున్నాయి. ఆవిడ మంచం మీదే ఉంటోంది. లేవడం లేదు, కట్టడం లేదు. మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక గుమ్మంలోనే నిలబడ్డాను. గౌలిగూడ నల్లా దగ్గర మొదలైన అలవాటు చివరికి ఓడిపోయిందనుకున్నాను. ఎవరి మీద గెలిచానో తెలియకుండానే గెలిచానని సంబరపడ్డాను. మేడ మీద ఆవిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను, ఓపిక పడితే ఎంత పాత అలవాటైనా మారుతుందని.

అప్పుడప్పుడు వేలు పైకెత్తేది. ఇంకా తెరిచేవాణ్ణి. పిడి ఎర్రగీత దాటింది. వానాకాలం చివరికి వచ్చేసరికి గీత ఒక దిక్కు, పిడి ఒక దిక్కు అయ్యాయి. నీళ్ళు పలచటి గుడ్డలా కాదు, కుండపోతగా పడుతున్నాయి. నాకే రొదగా ఉండేది. ఆవిడ కళ్ళు మూసుకుని, "మంచిగున్నది" అనేది.

ఇంకా కొన్ని మార్పులు వచ్చాయి, వాటినీ నేను నాకు నచ్చినట్టే చదువుకున్నాను. భోజనాల దగ్గర ఎప్పుడూ నా పక్కన కూర్చునే మనిషి ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. నేను మాట్లాడుతుంటే కళ్ళార్పకుండా నా మొహమే చూసేది. ఇన్నేళ్ళకు మళ్ళీ నా మీద మోజు పుట్టిందా అనుకున్నాను. ఒకరోజు, "మీసాలు జర కత్తిరించున్రి. మూతి మీద పడుతున్నయి, మంచిగ లేవు" అంది. నేను కుర్రాడిలా సిగ్గుపడ్డాను. సెలూనుకు వెళ్ళి, కత్తిరించడం కాదు, పూర్తిగా తీయించుకునే వచ్చాను. ఆవిడ చూసి చాలా సంతోషించింది. నా పెదాల మీద వేలు పెట్టి, "ఇప్పుడు మంచిగున్నది" అంది.

దసరా వెళ్ళాక ఒక నల్లా రోజు. నేను సుల్తాన్ బజారులో ఆవిడ చెప్పిన స్టీలు గిన్నె ఒకటి కొనుక్కుని ఎండన పడి వచ్చాను. గేటు దగ్గరే చెప్పు తడిసింది. ఎదురుగా మెట్ల మీంచి నీళ్ళు దిగి వస్తున్నాయి. మెట్లు దిగి, వాకిలి దాటి, గేటు కిందుగా సందులోకి పోతున్నాయి. వానేమీ లేదు. లోపలికి పరుగెత్తాను. బాత్రూములో నల్లా పూర్తిగా తెరిచి ఉంది. బకెట్టు నిండి, పొర్లి, నడవా అంతా నీళ్ళు. ధార పడే చప్పుడు ఇల్లంతా నిండి ఉంది.

వంటింట్లో గట్టు దగ్గర స్టూలు మీద కూర్చుని, నడవా వైపు వీపు పెట్టి, మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఏమోయ్" అన్నాను. మళ్ళీ గట్టిగా పిలిచాను. చిక్కుడుకాయ ఈనె తీసి పక్కన పెట్టింది. ఇంకోటి అందుకుంది.

నేనే వెళ్ళి నల్లా కట్టాను. మా పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆవిడ కంటే ముందు నేను నల్లా కట్టింది అదే మొదటిసారి. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడితే నా నీడ గట్టు మీద పడింది. అప్పుడు వెనక్కి తిరిగింది. తడిసిన నా ప్యాంటు చూసింది, నేల చూసింది, నడవా చూసింది. పళ్ళెం కింద పెట్టేసింది. ఆ మొహం నేను జన్మలో మర్చిపోలేను. పట్టుబడ్డ దొంగ మొహం.

ఏడవలేదు. గుడ్డ తెచ్చి నేల ఒత్తడం మొదలుపెట్టింది. నేను ఇంకో గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను. ఇద్దరం చాలాసేపు ఒత్తి పిండాం. నేను ఆవిడ గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని, "ఎప్పట్నుంచి?" అన్నాను.

"వానలకెల్లి" అంది, నా పెదాలు చూసి.

"చెప్పలేదేం?"

"చెప్తే ఇంకింత పెద్ద మోటరు తెస్తరని చెప్పలే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరి వేలెందుకు ఎత్తావు, మంచిగున్నదని ఎందుకన్నావు అని అడిగాను.

"మీరు గంత ఆశగ వాల్వు పట్టుకొని నిలబడితే ఇంకేం చెప్పాలె?" అంది. గుడ్డ పిండి, బకెట్టు అంచున వేసింది. "మొదాల్ల నిజంగనే మంచిగుండె. గాలి సప్పుడు పోయి నీళ్ళ సప్పుడే ఉండె. తర్వాత నీళ్ళ సప్పుడు పోయింది. గాలి సప్పుడు ఉండిపోయింది."

డాక్టరు ఈసారి నీళ్ళు నమల్లేదు. రెండో చెవి కూడా పోయినట్టే అన్నాడు. ఆపరేషన్ గురించి ఏదో చెప్పి, ఆవిడ వయసుకు, ఉన్న జబ్బులకు దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. బయటి చప్పుళ్ళు పోతే ఆ హోరు కూడా పోవాలి కదా అని నేను వాదించాను, స్కూల్లో ఇన్‌స్పెక్టరుతో వాదించినట్టు. పోదు, అది లోపలిది అన్నాడు. మా ఆవిడ ఇద్దరి పెదాలూ మార్చి మార్చి చూస్తోంది. ఏమన్నాడని నన్ను అడగలేదు.

క్లాసులో పిల్లలు దిక్కులు చూస్తుంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందిరా అనేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ సామెత లేకుండా నాకు పీరియడ్ గడవలేదు. ఇప్పుడు అది నా నోట రాదు.

ఇంట్లో ఇప్పుడు మాటలు తక్కువ. అవసరమైనవి ఎదురుగా నిలబడి చెబుతాను. వెలుతురు ఉండాలి, నా మొహం ఆవిడకు కనపడాలి. పాఠాలు చెప్పడం మానేశాను. అన్నేసి మాటలు పెదాల మీద పట్టుకోవడం ఆవిడకు కష్టం. మనిషి కాపలా మాత్రం మానలేదు. చప్పుడు తెలియదు కనక, గంట గంటకూ లేచి అన్ని నల్లాల కిందా చెయ్యి పెట్టి చూసి వస్తుంది.

అయినా సాయంత్రం అయ్యేసరికి నేను స్విచ్చి వేస్తాను. ఎందుకో నాకే సరిగా తెలియదు. చేపలకు గాలి కావాలని నాకు నేను చెప్పుకుంటాను. పిడి మళ్ళీ ఎర్రగీత దగ్గరికి తెచ్చాను, చప్పుడు మెత్తబడే చోటుకి. ఆవిడ వచ్చి మంచం మీద కూర్చుని, పలచటి గుడ్డలా జారే నీళ్ళను చూస్తూ ఉంటుంది.

మొన్న చలి మొదలైన సాయంత్రం కూడా అలాగే కూర్చున్నాం. కాసేపు చూసి, లేచింది. చెంగు నడుముకు దోపుకుని, హౌజు పక్కకు వెళ్ళి, వాల్వు పిడి పట్టుకుని కట్టేసింది. బండ మీద నీళ్ళు చీలి, సన్నగిల్లి, ఆగిపోయాయి.

నేను ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఎందుకోయ్?" అన్నాను.

"వట్టిగ పోతున్నయి."

అవే నీళ్ళు మళ్ళీ తిరుగుతాయని చెప్పబోయి గాలి పీల్చుకున్నాను. ఇదివరకైతే ఆ పీల్పు దగ్గరే నవ్వి ఆపేసేది.

"తెల్సు సారూ, అవే నీళ్ళు" అంది, నేను నోరు తెరవడం చూసి. "గని ఎవరు ఇంటున్నరని?"

"నేను వింటున్నాను" అన్నాను. అప్పటికే ఆవిడ చూపు నా మొహం మీద లేదు. వంగి, పిడి సరిగా బిగిసిందో లేదో తడిమి చూస్తోంది. బండ వెనక్కి చెయ్యి పెట్టబోయింది, అందలేదు. లేచి నిలబడి, తడి చెయ్యి చెంగుకు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"ఎన్కాల చుక్క గిట్ల పడుతున్నదా? జర ఇని చెప్పున్రి."

విన్నాను. దూరంగా స్టేషన్లో ఏదో బండి గురించి చెబుతున్నారు. అది ఆగాక బండ వెనక చుక్క పడింది. కాస్త ఆగి ఇంకోటి పడింది. చెబితే ఆవిడ ఈ పూట పడుకోదు. వినపడని చుక్క కోసం కూర్చుని ఉంటుంది.

లేదని తల ఊపాను. నా మొహంలోకి ఒకసారి చూసి, నమ్మి, లోపలికి వెళ్ళింది. నేను టేపు కోసం గూట్లో వెతకడం మొదలుపెట్టాను.